శుక్రవారం మాత్ర: ఉపవాసాలుండే ఒక మిరప రైతు ఇల్లాలి షుగర్ కేసు

2023 మార్చి మూడో వారం. అకాల వానలకు పల్నాడులో మిరప కల్లాలు తడిసిన రోజులు. సాయంత్రం నాలుగున్నరకు మా క్లినిక్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఒకామెను నలుగురు మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా చెమట, చేతులు చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది గానీ మాట ముద్దగా వస్తోంది. వచ్చినవాళ్ళ బట్టల నిండా మిరప ఘాటు, గదిలో అందరికీ దగ్గు.

"వడదెబ్బ డాక్టరమ్మా" అన్నాడొకతను. "వడదెబ్బేంది, పక్క చేలో పొద్దున మందు కొట్టారు, ఆ వాసన పట్టింది" అంది ఇంకొకామె. ఆమె భర్త ఏమీ అనలేదు, భార్య చెప్పులు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

వేలు గుచ్చి చూస్తే గ్లూకోమీటర్‌లో షుగర్ 38. 70 కంటే తగ్గితేనే పడిపోయినట్టు.

ఆమె నాకు కొత్త కాదు. ఏడు నెలలుగా నా దగ్గరే షుగర్‌కి మందులు వాడుతోంది. ఆ 38కి సగం కారణం మిరప కల్లంలో ఉంది, సగం కారణం నా నోట్లోంచి వచ్చిన ఒక మాటలో ఉంది. ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, ఈ కేసు రాస్తున్నాను. పేరు రాయను. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను.

ముందు జరిగింది

2022 ఆగస్టులో మొదటిసారి వచ్చింది. వయసు 46, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు, బీపీ 138/86. కాళ్ళు మంటలు, రాత్రిపూట నాలుగైదుసార్లు లేవడం. పరగడుపు షుగర్ 212, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలా మొదలుపెట్టాను. నవంబరుకి హెచ్‌బీఏ1సీ 8.7కి వచ్చింది. సరిపోలేదని గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం టిఫిన్‌కి ముందు వేసుకోమన్నాను. ఇంతవరకు ఏ డాక్టరైనా చేసేదే.

2023 జనవరి ఆఖరున వచ్చినప్పుడు మందుల సంచి తీయించి చూశాను. ఇది నా అలవాటు, మంచి అలవాటే అనుకుంటాను. రెండు నెలల గ్లిమిపిరైడ్‌లో తొమ్మిది మాత్రలు మిగిలాయి. ఆ రోజు పరగడుపు షుగర్ 198. నాకు కోపం వచ్చింది. ఎందుకు మానావని అడగలేదు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. "అన్నం మానినా మానక్కా, మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు. మానితే కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి" అన్నాను. గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా.కి పెంచి చీటీ రాశాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

అన్నం మానినా మాత్ర మానొద్దు. తెలుగులో మాటవరసకు అందరం అనేదే. కానీ ఆమె నిజంగానే అన్నం మానే మనిషి.

మిగిలిన తొమ్మిది మాత్రలూ తొమ్మిది శుక్రవారాలవి. శుక్రవారం ఆమెకు ఉపవాస ప్రార్థన. పొద్దున్నుంచి ఏమీ తినదు, మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన ముగిశాకే ముద్ద నోట్లో పెడుతుంది. తిననప్పుడు షుగర్ మాత్ర ఎందుకని తనే ఆలోచించి ఆ ఒక్క రోజు మానేసేది. ఆమె సొంతంగా చేసిన ఆ పని వైద్యపరంగా పూర్తిగా సరైనది. గ్లిమిపిరైడ్ పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ వదిలేలా చేస్తుంది. మనం తిన్నామా లేదా అన్నది దానికి అనవసరం. తిండి లేని పొట్ట మీద ఆ మాత్ర పడితే షుగర్ కిందికి పోతూనే ఉంటుంది. సరైన పని చేస్తున్న మనిషిని నేను తిట్టి, తప్పు పని చేయించాను.

2023 ఫిబ్రవరి 22న భస్మ బుధవారం. క్రైస్తవుల ఉపవాస కాలమైన శ్రమ దినాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తప్ప, ఆమె నలభై రోజులూ ఒంటిపూట. అంటే వారానికి ఒక్క శుక్రవారం ఉపవాసం కాస్తా ఆరు రోజులైంది. రోజూ ఉదయం ఐదున్నరకు, నేను చెప్పినట్టే, 2 మి.గ్రా. మాత్ర నీళ్ళతో మింగింది. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆమె రోజు, ఆమె వారం

కింద రాసేదంతా నాకు ఆ మార్చి తర్వాత తెలిసింది. మొదటి రోజే అడిగి ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

సొంత పొలం ఎకరన్నర, కౌలుకి నాలుగెకరాలు. ఎక్కువగా తేజ మిరప, కొద్దిగా పత్తి. రెండు గేదెలు. తుంటి విరిగి మంచం దిగలేని అత్త. కూతురికి పెళ్ళయింది, కొడుకు గుంటూరులో బీటెక్ చదువుతున్నాడు.

నాలుగింటికి లేస్తుంది. మంచం పక్కనే మోకాళ్ళ మీద అరగంట ప్రార్థన. తర్వాత పాలు పిండి ఆరులోపల పాలకేంద్రానికి పంపాలి. అత్తకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, ఆమెకు తినిపించి, మొగుడికి క్యారేజీ కట్టి, ఏడున్నరకు కూలీల ఆటోలోనే తనూ చేలోకి. కోతల్లో ఒంటిగంట దాకా వంచిన నడుం ఎత్తదు. సాయంత్రం మళ్ళీ గేదెలు, వంట. ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. అందరూ తిన్నాక ఆమె తింటుంది, అడుగు అన్నం. మంచినీళ్ళు తాగేంత తీరిక కూడా లేదంటే నవ్వింది. "ప్రార్థన చేసుకునేటప్పుడే అమ్మా నేను కూర్చునేది."

ఈ ఒక్క వాక్యం నేను చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను. ఉపవాస ప్రార్థన మానమని చెప్పే డాక్టరు, ఆమె వారంలో కూర్చునే ఆ నాలుగు గంటలు కూడా తీసేయమంటున్నాడన్న మాట.

ఆదివారం ఊళ్ళో లూథరన్ గుడికి వెళ్తుంది, శుక్రవారం పక్క వీధిలోని ప్రార్థన మందిరానికి. పల్నాడు ఊళ్ళలో ఇది మామూలే, రెండుచోట్లా ఎవరూ తప్పుపట్టరు. నెలకోసారి రాత్రంతా ప్రార్థన. ఆదివారం ఆరాధన తర్వాత అప్పుడప్పుడు ప్రేమ విందు, బిర్యానీ, స్వీటు. మా మండల కేంద్రానికి ఆమె వచ్చేది సోమవారం, దాణా కొనుక్కోవడానికి. కాబట్టి నా దగ్గరికి కూడా సోమవారమే. ఆదివారం విందు తిన్న మర్నాటి షుగర్ చూసి నేను డోసు పెంచుతూ పోయాను. శుక్రవారం మధ్యాహ్నం షుగర్ ఎంతుందో ఎవరూ చూడలేదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెప్తుంది. ఎక్కినది, పడినది రెండూ అందులో కలిసిపోతాయి.

ఆమె గురించి నాలో ఇంకో దురభిప్రాయం ఉండేది. ప్రార్థనతో రోగాలు పోతాయని నమ్మేవాళ్ళు మందుల మీద నిర్లక్ష్యంగా ఉంటారని. మిగిలిన మాత్రలు చూడగానే అదే అనుకున్నాను. గుంటూరు ప్రాంత క్రైస్తవుల విషయంలో ఇది చరిత్ర తెలియని మాట. లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరు. ఆడవాళ్ళు మగ డాక్టర్ల దగ్గరికి వెళ్ళని ఆ రోజుల్లో ఆమె వాళ్ళ కోసం పెట్టిన వైద్యశాలే ఇవాళ్టి కుగ్లర్ ఆసుపత్రి. మా అక్క వాళ్ళమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనేనట. ఆ ఇంట్లో మూడు తరాలుగా బైబిలూ ఉంది, డాక్టరు చీటీ కూడా ఉంది. రెండింటికీ పేచీ ఉందనుకున్నది నేనే.

మరి ఉపవాసాల సంగతి ఎందుకు చెప్పలేదు? అత్తను ఎక్కడో చూపించినప్పుడు అక్కడి డాక్టరు "ఉపవాసాలూ గిపవాసాలూ పెట్టుకోకండి, దేవుడేమన్నా అడిగాడా" అని నర్సుల ముందు నవ్వాడట. అప్పటినుంచి ఆసుపత్రుల్లో ఆ మాట ఎత్తడం మానేసింది. అడిగితే చెప్పేదాన్నే అంది. నేను అడగలేదు.

ఆ సాయంత్రం

మిరప చేలల్లో పడిపోయిన మనిషిని తెస్తే మా దగ్గర ముందు గుర్తొచ్చేవి రెండే, పురుగుమందు, వడదెబ్బ. పురుగుమందైతే కంటిపాపలు సూదిమొనలా అవుతాయి, నోటి వెంట చొంగ, కళ్ళనీళ్ళు. ఈమె కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి. వడదెబ్బైతే ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఈమెకు 97.8. చల్లటి చెమట, వణుకు, తడబడే మాట, ఈ మూడూ కలిస్తే షుగర్ పడిపోయిందని అనుమానించాలి. అయినా నేను ఇవన్నీ వేలు గుచ్చాకే చూశాను. ఆ క్రమమే మంచిది. స్పృహ సరిగా లేని ఎవరికైనా ముందు వేలు గుచ్చడానికి పది సెకన్లు చాలు.

25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి ఎక్కించాం. పది నిమిషాల్లో 142. లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. చుట్టాలు ఇంటికి తీసుకెళ్తామన్నారు, గేదెలు అరుస్తుంటాయని. వద్దన్నాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిన షుగర్ ఒకసారి ఎక్కించినంత మాత్రాన ఆగదు. మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ మళ్ళీ పడుతుంది. కనీసం ఒక రోజు కనిపెట్టుకుని ఉండాలి. అన్నట్టే రాత్రి ఎనిమిదింటికి 61. మళ్ళీ డ్రిప్. తెల్లవారేదాకా గంటకోసారి చూశాం.

ఆ రాత్రి ఆమె భర్త చెప్పాడు. వానలకు కల్లంలో కాయ తడవకుండా రెండు రాత్రులు ఇద్దరూ నిద్రపోలేదు, పట్టాలు కప్పడం, తీయడం, నీళ్ళు తోడడం. ఆ రోజు పొద్దున్నుంచి తడిసిన కాయ ఏరుతోంది. ముందు రోజు సాయంత్రం తిన్నదే ఆఖరు ముద్ద. ఐదున్నరకు మాత్ర వేసుకుంది.

ఇంకో సంగతి మర్నాడు బయటపడింది. కళ్ళజోడు కోసం బైబిల్ జిప్పు కవరు తెరిస్తే అందులోంచి ఒక చీటీ పడింది. మార్చి 10, శుక్రవారం. ఊళ్ళో ఆర్‌ఎంపీ రాసింది. షుగర్ 52, గ్లూకోజ్ పెట్టాం, ఇంటికి పంపాం. అంటే పది రోజుల ముందే ఒకసారి పడిపోయింది, ఉపవాస ప్రార్థనలో. ఆ చీటీ మీద పేరు చూస్తే నా ఫైల్లో ఉన్న పేరు కాదు.

నా ఫైల్లో ఉన్నది ఆధార్ పేరు. ఊళ్ళో, గుడిలో అందరూ పిలిచేది బాప్తిస్మం పేరు. మన ప్రాంతంలో ఇలా రెండు పేర్లున్నవాళ్ళు చాలామంది. కొన్ని ఇళ్ళలో దీని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంటుంది. ఆ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రలో వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. కొన్ని ఇళ్ళలో అదేమీ ఉండదు, బడిలో చేర్చినప్పుడు పంతులు రాసుకున్న పేరు అలా కాగితాల్లో ఉండిపోయిందంతే. ఈమెది అలాంటిదే. కారణం ఏదైనా డాక్టరుకి దానితో పని లేదు. కానీ ల్యాబ్ రిపోర్టు ఒక పేరుతో, చీటీ ఇంకో పేరుతో ఉంటే ఒకే మనిషి జబ్బు రెండు ఫైళ్ళలో ఇద్దరి జబ్బులా ఉంటుంది. ఇప్పుడు మా క్లినిక్‌లో "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగి ఆ పేరు కూడా పక్కన రాస్తాం. ఎందుకని ఎవరినీ అడగం.

మార్చి 10న మందిరంలో ఏం జరిగిందో అడిగాను. వణుకు వచ్చిందట, చెమట పట్టిందట, ఒరిగిపోయిందట. పక్కనున్న ఆడవాళ్ళు పరిశుద్ధాత్మ తాకిందని ఇంకా గట్టిగా ప్రార్థన చేశారు. "నీకేమనిపించిందక్కా?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "నాకు తెలుసు డాక్టరమ్మా. ఆత్మ తాకితే చల్లటి చెమట్లు పట్టవు. ఆకలైనట్టు ఉండదు" అంది. ఇన్నేళ్ళ ప్రార్థనలో ఆమెకు తన ఒళ్ళు బాగా తెలుసు. పుస్తకాల్లో మేం చదువుకున్న లక్షణాలను నాకంటే స్పష్టంగా విడదీసి చెప్పింది. మరి నా దగ్గరికి ఎందుకు రాలేదంటే, "మాత్ర వల్లనుకోలేదు. మీరు ఇచ్చిందేగా" అంది.

అప్పుడే ఆ మాట కూడా అంది. "మీరే అన్నారుగా అమ్మా, అన్నం మానినా మాత్ర మానొద్దని." నిష్ఠూరంగా అనలేదు. లెక్క అప్పజెప్పినట్టు అంది.

మొక్కు

గ్లిమిపిరైడ్ ఆ రోజే ఆపేశాను. అది తేలిక. ఈస్టర్ ఏప్రిల్ 9న. ఇంకా రెండున్నర వారాలు ఉంది. ఈ ఏటికి ఉపవాసం చాలించమన్నాను. రంజాన్ ఉపవాసాలుండే షుగర్ పేషెంట్ల కోసం అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, డయాబెటిస్-రంజాన్ కూటమి కలిసి ఇచ్చిన ఐడీఎఫ్-డార్ మార్గదర్శకాలు ఉన్నాయి. మూడు నెలల్లోపు షుగర్ తీవ్రంగా పడిపోయిన మనిషిని అవి ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళలో చేర్చి, ఉపవాసం ఉండొద్దని చెప్పమంటాయి. శ్రమ దినాలకు కూడా ఆ కొలతే తీసుకున్నాను.

కుదరదంది. అది మొక్కు.

2021-22 పంటలో గుంటూరు, పల్నాడు, ఖమ్మం మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలోకి దూరి పూతంతా రాల్చేసింది, ఏ మందుకూ లొంగలేదు. ఎకరానికి రెండు లక్షల దాకా పెట్టుబడి పెట్టిన తోటలను చాలామంది దున్నేశారు. వీళ్ళు కూడా దున్నేశారు. ఆ ఏడాది భర్త రాత్రిళ్ళు పడుకోకుండా పెరట్లో తిరుగుతుంటే, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఆమె గేదెల కొట్టంలో గడ్డి కింద దాచిందట. అప్పుడు మొక్కుకుంది, అప్పు తీరేదాకా ప్రతి శ్రమ దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట ఉంటానని. భర్త బతికి ఉన్నాడు కాబట్టి దేవుడు తన వంతు చేశాడు. ఇప్పుడు తను తప్పితే ఎలా?

దీనికి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉన్నవన్నీ షుగర్ గురించిన జవాబులు. మూడో రోజు ఆమెను చూడటానికి శుక్రవారం మందిరం పాస్టరమ్మ గారు వచ్చారు. ఆవిడతో విడిగా మాట్లాడాను. మార్చి 10న జరిగింది ఆత్మ కాదని చెప్తే నొచ్చుకుంటారేమోనని భయపడుతూనే చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు, భయపడ్డారు. "నా ఒళ్ళోనే ఒరిగిందమ్మా. ఇంకొంచెం ఆలస్యమైతే?" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని బైబిల్లోంచి అడిగారు.

"దానియేలు ఏం తిన్నాడు?"

"కూరగాయలు. నీళ్ళు."

"ఆయన చేసింది ఉపవాసం కాదా? ఆయనకి లేని తప్పు నీకొస్తదా? పౌలు తిమోతికి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం తాగమని రాశాడా లేదా?"

"రాశాడు."

"డాక్టరమ్మ చెప్పింది కూడా అట్టాంటిదే అనుకో."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇదే మాట నేను చెప్పి ఉంటే డాక్టరు వాక్యం చెప్తోందని నవ్వుకునేది. ఈ కేసులో కౌన్సెలింగ్ అని చెప్పదగ్గది జరిగితే అది పాస్టరమ్మ గారిది. మిగతా రోజులు దానియేలు ఉపవాసంగా మారాయి. మాంసం, చేప, పాలు, తీపి, కాఫీ లేవు. ఉడికించిన కూరగాయలు, పెసర గుగ్గిళ్ళు, కొద్దిగా జొన్న రొట్టె, పూటపూటకీ.

మందు మార్చడం

మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచాను. ఒక్కటే వాడితే దాని వల్ల షుగర్ ప్రమాదకరంగా పడటం అరుదు. రెండో మందుగా సిటాగ్లిప్టిన్. తిన్నప్పుడే ఎక్కువగా పనిచేస్తుంది, తిననప్పుడు షుగర్‌ని లాగి కింద పడేయదు. 2022 జూలైలో దాని పేటెంట్ ముగిశాక ధర బాగా దిగింది. జనౌషధి దుకాణంలో 100 మి.గ్రా. పది మాత్రలు వంద రూపాయలకు మొదలయ్యాయి. అంతకుముందైతే కౌలు రైతు ఇంట్లో ఈ మందు పేరు ఎత్తేదాన్నే కాదు.

డాపాగ్లిఫ్లోజిన్ వైపు కూడా చూశాను, చవకగానే దొరుకుతోంది. కానీ అది మూత్రంలోంచి షుగర్‌నీ నీళ్ళనీ పంపించేస్తుంది. మార్చి ఎండలో మంచినీళ్ళు తాగే తీరిక లేకుండా వంగి కాయ కోసే మనిషికి, పైగా ఉపవాసాలుండే మనిషికి, అది మంచిది కాదు. నీరసం, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరగడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, చేలో మరుగు లేని చోట పదేపదే మూత్రానికి వెళ్ళాల్సి రావడం. ఈ ఆఖరిది మందుల పుస్తకాల్లో ఉండదు. పొలం పనులు చేసే ఆడవాళ్ళు నీళ్ళు తక్కువ తాగడానికి పెద్ద కారణం అదే.

ఇంకో చిక్కు, ఉపవాసం విడిచే పూట. రోజంతా ఆగి సాయంత్రం ఒక్కసారే పళ్ళెం నిండా తెల్లన్నం, అరటిపండు తినేది. రెండు గంటల తర్వాత చూస్తే 290. సాగర్ కుడి కాలువ రాకముందు మా పల్నాడులో జొన్నే అన్నం. వాళ్ళ అత్త జొన్న సంకటి తిని పెరిగిన మనిషి. మంచంలోంచే ఆమె కోడలికి వంట గుర్తుచేసింది. డైటీషియన్‌ని పెట్టుకునే స్తోమత మా క్లినిక్‌కి లేదు, ఆ పని అత్తగారు చేశారు. ముందు మజ్జిగ, గుగ్గిళ్ళు, గంట ఆగి రొట్టె, కూర.

గ్లూకోమీటర్ కొడుకు కొన్నాడు. అతను గుడికి రావడం మానేశాడు, తల్లికి అదో దిగులు. కొడుకు కొన్న మిషను కాబట్టి దాన్ని బైబిల్ పక్కనే పెట్టుకుంది. స్ట్రిప్ ఒక్కటి ఇరవై రూపాయల దాకా అవుతుంది, రోజూ గుచ్చలేరు. వారానికి మూడు చాలన్నాను. సోమవారం పరగడుపున ఒకటి, శుక్రవారం పదకొండుకి ఒకటి, రెండింటికి ఒకటి. 70 కంటే తక్కువుంటే ప్రార్థన మధ్యలోనైనా సరే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. పావుగంటకు మళ్ళీ చూడాలి. 300 దాటినా ఉపవాసం విడిచి నాకు ఫోన్ చేయాలి. కొంగున చక్కెర పొట్లం ఎప్పుడూ ఉండాలి.

అంకెలు రాయడానికి ఇచ్చిన కార్డు ఆమె పోగొట్టుకుంది. రాయలేదేమోననుకున్నాను. రాసింది, కానీ ప్రార్థన పుస్తకంలో. రోజూ ప్రార్థించాల్సిన అంశాలు అందులో రాసుకుంటుంది. ఒక పేజీ చూపించింది. ఆయన అప్పు. బాబు ఉద్యోగం. అత్తమ్మ కాళ్ళు. చుక్క గేదె చూలు. పాస్టరమ్మ గారి బీపీ. షుగర్ 186. కింది వారం, షుగర్ 171. నా చేతిలో ఉన్న ఏ ఫైలు కన్నా ఆ పుస్తకం శుభ్రంగా ఉంది. నా పేరు కూడా ఒక పేజీలో కనిపించింది, ఎదురుగా ఏం రాసిందో చదవకుండా పేజీ తిప్పేశాను.

తర్వాతి రెండేళ్ళు

2024లో భస్మ బుధవారం ఫిబ్రవరి 14, ఈస్టర్ మార్చి 31. జనవరిలోనే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. నేను ఊహించినదానికి తలకిందులుగా ఒక ఏర్పాటు కుదిరింది. పొలం పని ఉన్న రోజుల్లో దానియేలు ఉపవాసం. పూర్తి ఉపవాసం శుక్రవారాలు మాత్రమే, మూడింటి దాకా. ఎందుకంటే శుక్రవారం ఆమె నీడలో కూర్చుని ఉంటుంది, చుట్టూ ముప్పై మంది ఉంటారు, పాస్టరమ్మ గారి టేబుల్ సొరుగులో చక్కెర డబ్బా ఉంటుంది. ప్రమాదం ఉపవాసంలో కన్నా, తిండి లేకుండా ఎండలో చేసే పనిలో ఎక్కువ.

ఆ నలభై రోజుల్లో ఒక్కసారి 68 వచ్చింది. చక్కెర నీళ్ళు తాగింది, మళ్ళీ కూర్చుంది. ఏప్రిల్‌లో హెచ్‌బీఏ1సీ 7.2. ఈస్టర్ తర్వాత మందిరంలో సాక్ష్యం చెప్పిందట, దేవుడు నన్ను ముప్పై ఎనిమిది నుంచి లేపాడని. మాత్రల ప్రస్తావన గానీ నా ప్రస్తావన గానీ లేదని మా నర్సు కొంచెం చిన్నబుచ్చుకుంది. నాకైతే ఆ అంకె అక్కడిదాకా వెళ్ళడమే గొప్పగా అనిపించింది. తర్వాతి నెలలో ఆ మందిరం నుంచే ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, శుక్రవారం మాకూ చెమటలు పడుతున్నాయి, ఒకసారి చూడమన్నారు. ఒకామె గ్లిబెన్‌క్లామైడ్ వాడుతోంది, అది ఇంకా ఎక్కువసేపు షుగర్‌ని కిందికి లాగే మాత్ర.

ఇదంతా సుఖాంతంలా రాస్తే అబద్ధం అవుతుంది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన తేజ మిరప 2025 మొదటికి సగానికి దిగింది. ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని ప్రకటించిన ధర క్వింటాలుకి 11,781 రూపాయలు. కౌలు, కూలి పోను ఏం మిగులుతుందో ఆమె భర్త నాకు వేళ్ళ మీద లెక్కేసి చూపించాడు. తీరుతూ వచ్చిన అప్పు మళ్ళీ పెరిగింది, మొక్కు ఇంకా సాగింది. స్ట్రిప్పులు కొనడం ఆపేసింది. సిటాగ్లిప్టిన్ రోజు విడిచి రోజు వేసుకుంది, ఈసారి ఉపవాసం కోసం కాదు, డబ్బుల కోసం. జూన్‌లో హెచ్‌బీఏ1సీ 8.4, కాళ్ళ మంటలు తిరిగొచ్చాయి. ప్రార్థన పుస్తకంలో షుగర్ ఎదురుగా మూడు నెలలు ఖాళీ.

మందులు క్లినిక్ నుంచి కొన్నాళ్ళు సర్దాం. అది పరిష్కారం కాదు, ఇలాంటి ఇళ్ళు మా దగ్గర వందల్లో ఉన్నాయి. ముందు ముందు ఇన్సులిన్ అవసరం పడొచ్చని పోయిన నెల చెప్పాను. సూది అనగానే చాలామంది భయపడతారు, ఏడుస్తారు, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. నేను ఆగాను. ఆమె బైబిల్ కవరులోంచి పెన్ను తీసి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, "శుక్రవారం ఎట్టా వేసుకోవాలి అమ్మా?" అంది.